కాంతం పక్కన కూర్చోవడం

నన్ను బయట కూర్చోమంది ఆ పిల్ల. అమలాపురంలో ఊపిరితిత్తుల ఆసుపత్రి, రెండో అంతస్తు, మా ఆవిడ మంచం పక్కన నేను నిలబడి ఉన్నాను. "అయ్యగారూ, ఒక్క పది నిమిషాలు బయట బెంచీ మీద కూర్చోండి" అంది, మెత్తగానే. ఎవరింటికి వెళ్లినా నాకు పీట వేసి కూర్చోబెట్టినవాళ్లే గాని, బయటికి నడవమన్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఒళ్లు మండిపోయింది.

నా పేరు వీరవెంకటసత్యనారాయణ. మా వైపు సత్యనారాయణ శాస్త్రిగారంటే చాలు, ఐనవిల్లి చుట్టుపక్కల పది ఊళ్లలో తెలుస్తుంది. మాది వైదికం. పెళ్లిళ్లూ వ్రతాలూ చేయిస్తాను గాని, నన్ను ఎక్కువగా పిలిచేది తద్దినాలకే. నాకు ముక్కు మీద కోపం. ఇది మా నాన్నగారి ఆస్తి. పొలం అన్నదమ్ములం ముగ్గురం పంచుకున్నాం, కోపం మాత్రం మొత్తం నాకే రాసిచ్చి వెళ్లిపోయాడాయన. మంత్రం మధ్యలో కర్త ఫోను మోగితే దర్భలు విసిరేసి లేచిపోయిన రోజులున్నాయి. "పంతులుగారు నిప్పు" అని జనం అంటుంటే నేను కూడా అది మెచ్చుకోలే అనుకునేవాణ్ణి.

మా ఆవిడ లక్ష్మీకాంతం. మాకు పిల్లలు లేరు. రెండేళ్ల క్రితం మెట్లు ఎక్కితే ఆయాసం అంది. ఏడాది క్రితం నడిస్తే ఆయాసం అంది. ఈ వేసవిలో కూర్చుని జడ వేసుకుంటున్నా ఆయాసమే. డాక్టరు సినిమా రీలులాంటి ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తులు కింది నుంచి గట్టిపడిపోయాయట, అది వెనక్కి రాదట. మిగిలినదాన్ని ఎంత జాగ్రత్తగా వాడుకుంటారో చూడండి అన్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నాడు.

పెట్టాం. అయినా ఉన్నట్టుండి ఒక్కోసారి ఊపిరి అందక గుడ్లు తేలేసేది. నేనేం చేసేవాణ్ణి? అరిచేవాణ్ణి. "గొట్టం సరిగ్గా పెట్టుకో. నెమ్మదిగా పీల్చమంటే వినవేమే. కంగారెందుకే నీకు" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. అలాంటిదే ఒకటి ముదిరి ఆసుపత్రిలో చేర్పించాల్సి వచ్చింది.

ఇంతకీ నన్ను బయటికి పంపిన పిల్ల పేరు సలోమి. అక్కడ రోగులకు ఊపిరి కసరత్తులు చేయించే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. పది నిమిషాలకు బెంచీ దగ్గరకు వచ్చి, చేతిలో కాగితం నాకు చూపించింది.

"మీరు లేనప్పుడు అమ్మగారు నిమిషానికి ఇరవై రెండు సార్లు ఊపిరి తీసుకుంటున్నారండీ. మీరు వచ్చి పక్కన నిలబడితే ముప్ఫై నాలుగు. నిన్నా అంతే, మొన్నా అంతే. రాసి పెట్టేను."

"అంటే, నా మూలంగా అంటావా?"

"ఆయ్. మీ మూలంగానేనండీ."

ఆ పిల్ల నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది.

"ఊపిరి అందకపోతే భయం వేస్తుందండీ. భయం వేస్తే ఊపిరి ఇంకా అందదు. ఆ టైములో పక్కన మనిషి నిదానంగా ఉంటే, ఆవిడ ఊపిరి ఆ మనిషి ఊపిరి వెనకాలే నడుస్తుంది. ఇంట్లో మీరిద్దరే కదండీ, ఆ మనిషి మీరే అవ్వాలి. మళ్లీ ఇలా వస్తే ఆసుపత్రికి తెచ్చేదాకా ఆవిడ ఉంటారా లేదా అన్నది సగం మీ మీదే ఉంటుంది."

అంత మాట డాక్టరు కూడా అనలేదు. నా కోపం ఎటో పోయింది. కానీ ఆ వెంటనే ఆ పిల్ల ఇంకో మాట అంది, "రోజుకి ఓ అరగంట నాతో కూర్చుంటే ఊపిరి తీసుకోవడం నేర్పుతానండీ" అని. దాంతో పోయిన కోపం మళ్లీ వచ్చింది.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఎనిమిదో ఏట ఉపనయనం అయింది నాకు. అప్పటినుంచి మూడు పూటలా సంధ్య వారుస్తున్నాను, జ్వరం వచ్చినా మానలేదు. సంధ్యలో ప్రాణాయామం ఉంటుంది. నాకు ఊపిరి నేర్పుతుందట, నిన్న పుట్టిన పిల్ల. అదే అన్నాను, ఇంకొంచెం ఘాటుగానే.

"నాకు తెలీదండీ ఆ సంగతి. అయితే ఒకసారి చేసి చూపించండి" అంది.

అక్కడే బెంచీ మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. ముక్కు పట్టుకున్నాను, మంత్రం మనసులో చదువుకున్నాను, వదిలాను. మూడుసార్లు. ఆ పిల్ల ఫోనులో గడియారం చూస్తోంది.

"మూడింటికీ కలిపి పన్నెండు సెకండ్లండీ" అంది. తర్వాత కాస్త తటపటాయించి అడిగింది, "ఏమీ అనుకోకండి అయ్యగారూ, ఇందులో ఊపిరి ఎప్పుడు పీల్చేరండీ?"

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే తెలియక అడిగింది. ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, చెడామడా తిట్టి ఉండేవాణ్ణి. లేచి కిందికి వెళ్లిపోయాను.

మర్నాడు తెల్లవారుజామున సంధ్యకు కూర్చుని, అడిగింది కదా అని కనిపెట్టి చూశాను. ముక్కు పట్టుకున్నాను. మంత్రం పరిగెత్తింది. చెయ్యి దింపాను. ఊపిరి లోపలికి రాలేదు, బయటికి పోలేదు. ఉన్నది ఉన్నచోటే ఉంది. మళ్లీ చేశాను, అంతే. యాభై ఎనిమిదేళ్లు, రోజుకు మూడు పూటలు. నేను చేసింది ముక్కు పట్టుకోవడం. మా గురువుగారు స్వరం తప్పితే తొడ పాశం పెట్టేవారు గాని, ఊపిరి పీల్చావా అని ఏనాడూ అడగలేదు. నేను మంత్రం నేర్పిన పిల్లల్నీ అడగలేదు. గురివింద గింజ సామెత చిన్నప్పటినుంచి ఎంతమంది మీద వాడానో, ఆ పూట అదంతా నాకే తగిలింది. సిగ్గుతో చాలాసేపు ఆ పీట మీద నుంచి లేవలేకపోయాను.

పది గంటలకు ఆసుపత్రికి వెళ్లి సలోమిని వెతుక్కున్నాను. "ఏం చెయ్యాలో చెప్పమ్మా" అన్నాను.

"పెద్దగా ఏం లేదండీ. స్థిమితంగా కూర్చోండి. ముక్కుతో పీల్చండి. పెదాలు సన్నగా చేసి, వేడి పాలు ఊదుకున్నట్టు వదలండి. పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. మనసు ఎటో పోతుంది. పోతే తిట్టకండి, మళ్లీ ఊపిరి దగ్గరకి పిలవండి."

"తిట్టకుండా పిలవడం ఎలాగో నాకు తెలీదే."

నవ్వింది. "అదేనండీ నేర్చుకునేది. ఇంకో సంగతండీ. అమ్మగారికి ఊపిరి బిగబట్టడం మాత్రం వద్దు. ఆవిడకి ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పకండి. ఎదురుగా కూర్చుని మీరు చెయ్యండి, చాలు."

వారానికి కాంతాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచీ పొద్దున్నా సాయంత్రం పెరటి వసారాలో చాప వేసుకుని కూర్చునేవాణ్ణి. కాంతం లోపల మిషన్ పక్కన పడుకుని ఉండేది. మొదటి రోజు మూడు ఊపిర్లు కూడా కాలేదు, పక్కింటివాళ్ల మిక్సీ మోగింది, వాళ్లను తిట్టుకున్నాను. రెండో రోజు ఫోనులో ఎవరో స్వామీజీ ధ్యానం పెట్టుకున్నాను, ఆయన "ప్రశాంతంగా" అంటుండగానే మధ్యలో ఇన్సూరెన్సు ప్రకటన దూరింది. ఫోను చాప మీద గిరాటేశాను. మూడో రోజు ఎప్పుడో ఇరవై ఏళ్ల క్రితం ఒక పెళ్లిలో నాకంటే ముందు తాంబూలం అందుకున్న మనిషి గుర్తుకు వచ్చాడు. అరగంట సేపు ఆయనతో మనసులో పోట్లాడాను. కళ్లు మూసుకుంటే శాంతి వస్తుందన్నవాడు ఎవడో గాని, నాకు మాత్రం నా లోపల సంత కనిపించింది. అయినా మానలేదు. మానితే కాంతం పక్కన మళ్లీ పాత మనిషే ఉంటాడు, ఆ భయం ఒకటి పట్టుకుంది నన్ను.

పదిహేనో రోజో ఏమో, ఊపిరి కాస్త సాగుతోంది. ఎవరింట్లోనో కొబ్బరి మట్టలు కాలుస్తున్నారు. ఆ వాసన తగిలి, పిలవకుండానే మా ఇంటి వెనక వంటగది కళ్లముందుకు వచ్చింది.

తద్దినం వంట మా ఇంట్లోనే వండించుకునేవాళ్లు చాలామంది. కాంతం తడి చీరతో మడి కట్టుకుని, కట్టెల పొయ్యి మీద ఒక్కతే వండేది. గారెలు, పరమాన్నం, నాలుగు పచ్చళ్లు, నాలుగు కూరలు. వానాకాలం పొయ్యిలో పెట్టే కొబ్బరి డొక్కలు తడిసిపోయి మండేవి కావు. పొయ్యి ముందు వంగి, ఊదుగొట్టంతో ఊదీ ఊదీ, కళ్లు ఎర్రగా చేసుకుని దగ్గుతూ ఉండేది. నేను వసారాలోంచి "భోక్తలు కూర్చున్నారే, ఇంకా ఎంతసేపు" అని కేకేసేవాణ్ణి. ముందు వంటింట్లో గ్యాసు ఉంది, ముప్ఫై ఏళ్లుగా ఉంది. తద్దినం వంటకు మాత్రం వీల్లేదన్నాను. "గ్యాసు మీద వండితే పితృదేవతలు తినరా అండీ" అని ఒక్కసారి అడిగింది. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు గోడకేసి కొట్టాను. మళ్లీ అడగలేదు. నాతోటివాళ్లు ఒక్కొక్కరే గ్యాసుకు మారిపోయారు, వాళ్ల పితృదేవతలు ఏమీ అలిగి వెళ్లిపోలేదు. నేనే మారలేదు.

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు డాక్టరు, "ఇంట్లో కట్టెల పొయ్యి వాడేవారా" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా కాంతమే "లేదండీ, గ్యాసేనండీ" అంది. నాకేసి చూడకుండా అంది. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, లోపల ఎక్కడో బతికానురా అనుకున్నాను. ఆ సాయంత్రం చాప మీద కూర్చుని, నా అరుపులన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయో మొదటిసారి చూశాను. ఆవిడ ఆయాసపడిన ప్రతిసారీ నా తప్పు నా ముందుకు వచ్చి నిలబడుతోంది. దాన్ని చూడలేక ఆవిణ్ణి తిడుతున్నాను.

మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరుతో చెప్పేశాను. "పొయ్యేనండీ. నలభై ఏళ్లు వండింది. నేనే వండించాను." ఆయన తలెత్తి నన్ను చూసి, కాగితం మీద రాసుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది.

మమ్మల్ని తీసుకెళ్లేది, తీసుకొచ్చేది మా వీధిలో ఆటో నడిపే జగ్గయ్య. తిరిగి వస్తుంటే ఆటోలో కాంతం నెమ్మదిగా అడిగింది.

"ఎందుకు చెప్పేరండీ? నలుగురిలో మీకు మాట వస్తుంది కదా."

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులుగా ఒకటే వాన. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. ఇన్వర్టరు ఉంది గాని, ముందురోజు కోతలకే దాని పని అయిపోయింది. అరగంటకు కుయ్యిమని ఆగింది. ఇంట్లో చిన్న సిలిండరు ఒకటి అవసరానికి ఉంచుకుంటాం. అది ముందురోజు వాడేస్తే, నింపించుకు రమ్మని పొద్దున్నే జగ్గయ్యకు ఇచ్చి అమలాపురం పంపాను. అతను ఇంకా రాలేదు. ఫోను చేశాను.

"పంతులుగారండీ, సిలిండరు తీసుకున్నానండీ. దారిలో చెట్లు పడిపోయేయండీ, రెండు చోట్ల. కొడుతున్నారు. అమ్మగారిని కాస్త చూసుకోండి. ఎలాగోలా వచ్చేస్తాను."

అంబులెన్సుకు చేశాను. వాళ్లదీ అదే రోడ్డు.

మిషన్ చప్పుడు ఆగగానే కాంతం లేచి కూర్చుంది. ముక్కులో గొట్టం ఉంది, అందులో గాలి లేదు. ఐదు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత భుజాలు ఎగరడం మొదలుపెట్టాయి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఎనభై ఎనిమిది చూపించింది, తర్వాత ఎనభై మూడు. ఆవిడ కళ్లు తలుపు మీదికీ మిషన్ మీదికీ నా మీదికీ తిరుగుతున్నాయి. నా మీదికి వచ్చినప్పుడల్లా ఊపిరి ఇంకా పొట్టిదవుతోంది. నేనది చూశాను. ఇంతకాలం ఎలా చూడలేదో నాకు అర్థం కాలేదు.

నా లోపల ఉడుకుతోంది. కరెంటువాళ్ల మీద, జగ్గయ్య మీద, వాన మీద, చివరికి కాంతం మీద. "ఎందుకే అంత కంగారు" అన్న మాట పళ్ల దాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. ముక్కుతో పీల్చాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది ఊపిరి. అప్పుడు తెలిసింది, అది కోపం కాదు. ఈవిడ పోతుందేమోనని భయం. ఒట్టి భయం.

కుర్చీ లాగి ఆవిడ ఎదురుగా, మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా కూర్చున్నాను. ఆవిడ చేతులు తీసి నా మోకాళ్ల మీద పెట్టాను, సలోమి చూపించినట్టు ముందుకు వంగి ఆనుకోవడానికి. మీటరు తీసి పక్కన పెట్టాను. ఏమీ చెప్పలేదు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాను, ఎనిమిది లెక్కపెడుతూ వదిలాను. మళ్లీ. మళ్లీ.

ఆవిడ నన్ను నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? ఎప్పుడు అరుస్తానా అని చూస్తోంది. గుండె ఎగరేసుకుంటూ, నోరు తెరుచుకుని, నా మొహమే చూస్తోంది. పది ఊపిర్లు, ఇరవై ఊపిర్లు. నా మనసు పరిగెత్తి రోడ్డు మీద పడిన చెట్ల దగ్గరికి పోయేది. తిట్టకుండా పిలిచాను. పాడె దాకా పోయేది. అక్కణ్ణించీ పిలిచాను. బయట రేకుల మీద వాన మోత. ఆవిడ గోళ్లు నా మోకాళ్లలో దిగుతున్నాయి.

ఎంతసేపటికో తెలియదు. నేను ఊదుతుంటే ఆవిడ పెదాలు ఒకసారి సన్నబడ్డాయి. ఒక్కసారే, మళ్లీ చెదిరిపోయింది. నేను ఆపలేదు, భేష్ అనలేదు. ఇంకోసారి సన్నబడ్డాయి. తర్వాత నా ఎనిమిదిలో ఆవిడది మూడు దాకా వచ్చింది. తర్వాత నాలుగు. పెదాలు నీలంగానే ఉన్నాయి గాని కళ్లు తలుపు వైపు వెళ్లడం మానేశాయి. గోళ్లు పట్టు వదిలాయి. ఆవిడ నుదురు తెచ్చి నా భుజానికి ఆనించింది. అలాగే ఉన్నాం, ఆవిడ వీపు నా ఊపిరితోపాటు లేస్తూ దిగుతూ.

జగ్గయ్య వచ్చేసరికి మూడూ నలభై. నిలువునా తడిసి, సిలిండరు భుజం మీద పెట్టుకుని, ఆటో ఎక్కడో వదిలేసి కిలోమీటరు పైన నడిచి వచ్చాడట. గుమ్మంలో మమ్మల్ని చూసి ఏమనుకున్నాడో, సిలిండరు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. "తెచ్చేనండీ" అన్నాడు తర్వాత, గుడిలో మాట్లాడినట్టు చిన్నగా. గొట్టం బిగించాం. మీటరు పెట్టి చూస్తే డెబ్భై తొమ్మిది. ఎనభై నాలుగు. తొంభై. జగ్గయ్య కళ్లు తుడుచుకుని, వద్దంటున్నా వినకుండా తడి బట్టలతోనే వెళ్లిపోయాడు.

కాంతం కాసేపు కునుకు తీసింది. లేచాక గోరువెచ్చని నీళ్లు అడిగితే ఇచ్చాను. రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చింది.

"ఇందాక చివర్లో నాకు భయం వెయ్యలేదండీ" అంది.

"జగ్గయ్య వస్తున్నాడని తెలుసు కదే, అందుకని."

"అది కాదు." కాస్త ఆగి ఊపిరి కూడదీసుకుంది. "చచ్చిపోతానని నాకెప్పుడూ భయం లేదండీ. ఊపిరి అందనప్పుడల్లా మీరు అరుస్తారని భయం. ఇప్పుడని కాదు, కాపురానికి వచ్చిన దగ్గర్నించీ అంతే. వీధి గేటు చప్పుడైతే గుండె దడదడలాడేది. ఇవాళ మొదట్లో తప్ప, మీరు అంత దగ్గరగా కూర్చున్నా దడ రాలేదు."

నిష్ఠూరంగా అనలేదు. ఈ రోజు ఏకాదశి అన్నట్టు, ఉన్న సంగతి చెప్పింది. నలభై నాలుగేళ్లు ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్నాం. ఈవిడది మెతక స్వభావం, నోట్లో నాలుక లేని మనిషి అని నలుగురితో గొప్పగా చెప్పుకున్నాను.

గ్లాసు పట్టుకుని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. చిన్నపిల్లాడిలా, శబ్దం వచ్చేలాగే ఏడ్చాను. కాంతం మంచం మీద నుంచి నన్ను చూస్తూ ఊరుకుంది. ఓదార్చలేదు. నేను ఎంత చిన్న మాట పడ్డా ముందుగా పరిగెత్తుకొచ్చే మనిషి, ఆ రోజు ఓదార్చలేదు. తన ఊపిరి తాను తీసుకుంటూ, నెమ్మదిగా, నేను ఏడవడం అయ్యేదాకా చూసింది.